పట్టికకు ముందు కథ

అమెరికాలో ఒక హైస్కూలు స్పానిష్ తరగతి. టీచర్ బోర్డు మీద ‘కియెరే’ అని రాసి, పక్కనే ఇంగ్లీషులో అర్థం రాస్తుంది. తర్వాత ‘ఉనా చీకా కియెరే ఉన్ గాతో’ అంటుంది. అంటే, ఒక అమ్మాయికి పిల్లి కావాలి. వెంటనే తర్వాతి వాక్యానికి వెళ్లిపోదు. అమ్మాయికి పిల్లి కావాలా? కావాలి. పిల్లి కావాలా, కుక్క కావాలా? పిల్లి. కుక్క కావాలా? వద్దు. మరి పిల్లి ఎవరికి కావాలి? అమ్మాయికి ఏం కావాలి? ప్రశ్నలన్నీ స్పానిష్‌లోనే. మొదట్లో పిల్లలు అవునని, కాదని అంటే చాలు; కాసేపటికి ఒక్కో మాటతో జవాబిస్తారు. ఆ పిల్లి ఏ రంగుదో, ఎక్కడ దొరికిందో వాళ్లే కల్పిస్తారు. పది నిమిషాల్లో ‘కియెరే’ ఎన్నిసార్లు చెవిన పడిందో ఎవరికీ పట్టదు, అందరి ధ్యాసా పిల్లి మీదే. అదే వేళకు పక్క గదిలో అదే క్రియను నేను, నువ్వు, అతను, మేము, మీరు, వాళ్లు అని ఆరు గళ్ల పట్టికగా వల్లె వేస్తుంటారు. నెలాఖరున రెండు గదులకూ ఒకటే ప్రశ్నపత్రం వస్తుంది.

కథ అడిగి చెప్పించే ఈ పద్ధతి పేరు టీపీఆర్‌ఎస్. కాలిఫోర్నియాలో స్పానిష్ పాఠాలు చెప్పిన బ్లెయిన్ రే దీనికి రూపమిచ్చారు. అంతకుముందే, 1960ల్లో, జేమ్స్ ఆషర్ ‘లేవండి, తలుపు తీయండి’ అని చెబుతూ, చేయిస్తూ భాష నేర్పే దారి చూపించారు. స్టీఫెన్ క్రాషెన్ 1980ల మొదట్లో దీని వెనకున్న సూత్రాన్ని ‘కాంప్రెహెన్సిబుల్ ఇన్‌పుట్’ అన్నారు. మనకు వచ్చిన భాషకు ఒక్క మెట్టు పైన ఉండి, సందర్భం వల్ల అర్థమైపోయే మాటలను విస్తారంగా వినడం, చదవడం వల్లే భాష ఒంటబడుతుందన్నది ఆయన వాదం. నియమాలు తెలియడం వేరు, భాష రావడం వేరు. ఈ తేడా మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ‘వాయిస్ మార్చుము’ అన్న ప్రశ్నకు పూర్తి మార్కులు తెచ్చుకుని, దారి అడిగిన మనిషికి ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పలేక తడబడే విద్యార్థులు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

క్రాషెన్ వాదానికి ఆధారాలు చాలానే ఉన్నా, రెండింటి దగ్గర ఆగాలి. మొదటిది ఫిజీ దీవులది. 1980లో వార్విక్ ఎల్లీ, ఫ్రాన్సిస్ మంగుభాయ్ అక్కడి పల్లె బడుల్లో నాలుగు, ఐదు తరగతుల గదులకు 250 బొమ్మల కథల పుస్తకాల చొప్పున ఇచ్చారు. మిగతా బడుల్లో వాక్య నమూనాలను మళ్లీ మళ్లీ పలికించే పాత పద్ధతే నడిచింది. ఎనిమిది నెలలకు పుస్తకాలు చదివిన పిల్లలు ఇంగ్లీషు చదివి, విని అర్థం చేసుకోవడంలో రెట్టింపు వేగంతో ముందుకు వచ్చారు. రెండో ఏడాదికి ఆ లాభం ఇతర భాషా నైపుణ్యాలకూ పాకింది.

రెండోది మన దక్షిణ భారతంలోనే జరిగింది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు నడిపిన ఈ ప్రయోగానికి బెంగళూరు ప్రాజెక్టు అని పేరు. వ్యాకరణం క్రమంలో పాఠాలు ఉండవు. రైళ్ల టైమ్‌టేబుల్ ఇస్తారు. ఫలానా ఊరికి చీకటి పడకముందే చేరాలంటే ఏ బండి ఎక్కాలో తేల్చాలి. మొదట టీచర్ అలాంటి లెక్కే ఒకటి తరగతి అందరితో కలిసి పైకి మాట్లాడుతూ చేస్తారు, తర్వాత పిల్లలు ఎవరిది వారు చేస్తారు. లెక్క తేలాలంటే ఇంగ్లీషు అర్థం కాక తప్పదు. ఈ ప్రయోగాన్ని బెరెటా, డేవిస్ అనే పరిశోధకులు నాలుగు బడుల్లో తూచి చూసి 1985లో ఫలితాలు ప్రకటించారు. వాక్య నిర్మాణాల పరీక్షలో పాత పద్ధతి పిల్లలు ముందున్నారు, పని ఇచ్చి చేయించే పరీక్షలో ప్రాజెక్టు పిల్లలు. ఏ పద్ధతికీ కొమ్ము కాయని మూడు పరీక్షల్లో మొత్తం మీద ప్రాజెక్టు వైపే తూకం మొగ్గింది. రెండు వైపులా టీచర్లు ఒకే స్థాయివారు కాకపోవచ్చన్న సందేహం ఉంది కాబట్టి దీన్ని తిరుగులేని తీర్పు అనలేం. కానీ కథా, పట్టికా అని టీచర్ల మధ్య నడిచే స్టాఫ్ రూమ్ తగాదా గుట్టంతా నా దృష్టిలో ఇక్కడే ఉంది. ఎవరి పిల్లలు వెనకబడ్డారన్నది ప్రశ్నపత్రం ఏం అడుగుతుందన్న దాన్ని బట్టే తేలుతోంది. పట్టికలో ఖాళీలు నింపమంటే కథ విన్న పిల్లవాడు తడుముకుంటాడు. కొత్త పేజీ ఇచ్చి ఏం జరిగిందో చెప్పమంటే పట్టిక చదివినవాడు తడుముకుంటాడు.

‘మేం పట్టికలతోనే నేర్చుకున్నాం కదా, మాకు రాలేదా?’ అంటారు తోటి టీచర్లు. నిజమే, తేలిగ్గా తోసేయాల్సిన మాట కాదు. మన పాత సంస్కృత చదువునే చూడండి. రామః, రామౌ, రామాః అని శబ్దాలు వల్లె వేయించారు, అమరకోశం కంఠతా పట్టించారు. అక్కడితో వదల్లేదు. గురువు పక్కన కూర్చుని అన్వయం చెబుతుంటే విద్యార్థి రఘువంశం శ్లోకం వెంట శ్లోకం చదివాడు. ఏళ్ల తరబడి అర్థమవుతూ సాగిన ఆ చదువే అతనికి భాషనిచ్చిందని నేను నమ్ముతాను. ఈనాడు ఇంటర్మీడియట్‌లో మార్కుల కోసం సంస్కృతం తీసుకునే పిల్లలకు శబ్దాలు మిగిలాయి, కావ్యం పోయింది. పట్టికలతో స్పానిష్ నేర్చి టీచరైన మనిషి కూడా ఆ తర్వాత నవలలు చదివి, ఆ భాష మాట్లాడే మనుషుల మధ్య మసలి ఉంటారు. పేరు మాత్రం పట్టికకు పోయింది.

ఇంతకంటే బరువైన అభ్యంతరం కెనడా నుంచి వచ్చింది. అక్కడ ఏళ్ల తరబడి ఫ్రెంచిలోనే పాఠాలు విన్న, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు భాషను చక్కగా అర్థం చేసుకున్నారు, మాట్లాడేటప్పుడు మాత్రం లింగాల్లో, క్రియారూపాల్లో తప్పులు పోలేదు. వినడం ఒక్కటే చాలదని, మాట్లాడించాలి, రాయించాలి అని మెరిల్ స్వెయిన్ 1985లో వాదించారు. ఆమె చెప్పింది సబబే, క్రాషెన్ ఇక్కడ అతిగా పట్టుబట్టారు. అయితే ఆ పిల్లల తప్పులు దిద్దగలమంటే దిద్దడానికి వాళ్ల దగ్గర భాషంటూ ఉంది కనుకనే. వ్యాకరణానికి చోటు ఉంది. ఆ చోటు అర్థమైన కథ తర్వాత. ‘కియెరో’ అని కథలో వచ్చినప్పుడు ‘చివర ఓ ఎందుకొచ్చింది? నాకు కావాలి అంటున్నాడు కాబట్టి’ అని పది సెకన్లలో చెప్పి మళ్లీ కథలోకి వెళ్లిపోతే, పిల్లవాడు అప్పటికే విన్న మాటకు కారణం దొరుకుతుంది.

ఒంటరిగా ఈ దారి పట్టిన టీచర్ మొదట చేయాల్సింది ఉమ్మడి ప్రశ్నపత్రాన్ని ఎదుట పెట్టుకోవడం. అందులో అడిగే క్రియలను ముందే గుర్తుపెట్టుకుని నెల పొడవునా కథల్లోకి ఎక్కించవచ్చు. పరీక్షకు వారం ముందు పట్టిక కూడా బోర్డు మీద వేయాలి. పిల్లల మార్కులను పణంగా పెట్టి సిద్ధాంతం గెలిపించే హక్కు టీచర్‌కు లేదు. ఇక తోటివారిని అడగాల్సింది ఒక్కటే, వచ్చే ప్రశ్నపత్రంలో ఎవరూ ముందు చూడని ఒక పేజీ కథ, దాని కింద నాలుగు ప్రశ్నలు. పై తరగతిలో ఆ పిల్లల్ని అందుకోబోయే టీచర్‌కు వాళ్లేం చదవగలరో ముందే తెలుస్తుంది. అది ఆ టీచర్‌కూ కావాల్సిన సమాచారమే.