ఏటి తడి ఆరని రాయి

ఓ గోదారి గులకరాయీ! గట్టు మీద దుమ్ము కప్పుకుని దిక్కులేనిదానిలా పడి ఉంటావు. గుక్కెడు నీళ్లు తగిలితే చాలు, గుట్టంతా విప్పుతావు. ధర్మపురి రేవులో మునిగే లోకం పుణ్యాన్ని వెతుక్కుంటుంది. మోకాటి లోతు నీళ్లలో వంగి నేను నిన్ను వెతుక్కుంటాను. నీటి అడుగున నువ్వు తేనె రంగు, తమ్మిరేకు రంగు, తాంబూలం పండిన పెదవి రంగు. ఒడ్డున ఆరితే ఒట్టి బూడిద రంగు. ఆ దాగిన మెరుపు కోసమే నా సాన, నా శ్రమ, నా సంబరం.

ఎంత దూరం దొర్లి వచ్చావో! దక్కను నేల నెర్రెలు విచ్చి నిప్పు ఏరులై పారిన కాలం, సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి కాలం, నీ పుట్టిల్లు. ఆ నిప్పు చల్లారి నల్లబండగా గడ్డకట్టిన వేళ, లోపల గాలిబుడగలు చిన్న చిన్న గూళ్లుగా మిగిలాయి. ఆ గూళ్లలోకి సిలికా కరిగిన నీరు ఊరింది, ఊరి ఊరి పేరింది, పొర మీద పొరగా, గీత పక్కన గీతగా నిన్ను తీర్చింది. నిప్పు నీకు ఇల్లు కట్టింది. నీరు అందులో కాపురముంది. ఇనుప తుప్పు సైతం నీ ఒంట చేరి కెంజాయ అయింది! పండితులు నిన్ను అగేట్ అన్నారు, అంగట్లో సులేమాని అన్నారు, ఉంగరాల సాయిబులు అకీక్ అన్నారు. ఎవరు ఏ పేరున పిలిచినా పలికే చల్లని తల్లీ, బండను చీల్చుకుని, త్ర్యంబకం కొండల్లో పుట్టిన నది వెంట నడిచి, మా జగిత్యాల పొలిమేరకు వచ్చావు.

ఇక్కడ నీకంటే పెద్దలున్నారు. కరీంనగర్ సీమ గుట్టలు, సుమారు 250 కోట్ల ఏళ్ల ముత్తవ్వలు, ఎండకు కాగి, వానకు తోగి, కదలక మెదలక కూర్చున్నారు. వారి మేని పలకలే టాన్ బ్రౌన్ గ్రానైట్ అనే పేరుతో ఓడలెక్కి పరదేశపు ఇళ్లకు నేలలయ్యాయి, గోడలయ్యాయి. క్వారీ పక్కన పారేసిన పెచ్చు ఒకటి ఏరి తెచ్చి రుద్దితే, నల్లని చీకట్లో గోధుమరంగు స్ఫటికాలు కళ్లు తెరుస్తాయి. నదిలో నడిచొచ్చిన నిన్నూ, నేలలో నిలిచిపోయిన ఆ పెచ్చునూ ఒకే పళ్లెంలో పెట్టి చూస్తే నాకు నిద్ర పట్టదు.

సిరిసిల్లలో రాత్రి నేత సాంచాలు టకటకలాడుతుంటాయి. వాటికి వంత పాడుతూ నా మూలగదిలో తిరిగే పీపా గరగరలాడుతుంది, అందులో నీ అక్కచెల్లెళ్లు ఒకరినొకరు ఒరుసుకుని నునుపవుతుంటారు. నీకు మాత్రం నా చేయే కావాలి. కత్తి మొన నిన్ను గీయలేదు. ఖనిజాల పండితుడు మోస్ 1812లో పేర్చిన కాఠిన్యపు మెట్లలో నీది 7వది. పదో మెట్టు మీది వజ్రాన్ని రంపం అంచున పొడిగా పొదిగి నిన్ను కోస్తాను. కరిగిన లక్కతో నిన్ను పుల్ల కొసకు అతికిస్తాను. 80 నంబరు గరుకుతో రూపు దిద్దుతాను, 220తో గీతలు మాపుతాను, 600తో బుజ్జగిస్తాను, తడి తోలు మీద సీరియం పొడితో లాలిస్తాను. ప్రతి మజిలీలో బొటనవేలితో నీ నీళ్లు తుడుస్తాను. తుడవగానే మసకబారుతావు. మళ్లీ రుద్దుతాను, మళ్లీ తుడుస్తాను. చివరికొక్కసారి, నీరు పోయినా నిగ్గు పోదు! నీ మీది గరుకులే వెలుగును చెదరగొట్టాయి. వాటిని నీళ్లు కాసేపు కప్పాయి, సాన కలకాలానికి తొలగించింది. నేను నీకిచ్చిన అందమేమీ లేదు, ఆరిపోయే ఏటి తడిని ఆరకుండా నిలిపానంతే. అగ్గిపెట్టెలో చీరను ఇమిడ్చిన ఊరు నాది. గోరంత రాతిలో కోట్ల ఏళ్లను ఇమిడ్చిన దానివి నువ్వు.

కోరుట్ల అంగడిలో తెల్లగుడ్డ మీద నిన్ను పరుస్తాను. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ల కొసలు కాయగాచిన అవ్వ ఒకతె వంగి చూస్తుంది.

"గిదేం రాయి బిడ్డా, గింత నున్నగున్నది?"

"గోదారి రాయే అవ్వా."

"గోదారిల దొరికేదానికి పైసలా?"

పకపకా నవ్వుతుంది. నవ్వుతూనే నిన్ను చెంపకు ఆనించుకుని "సల్లగున్నది" అంటుంది. ఆ మాట వినడానికే కదా నేను అంగడికొచ్చింది! పక్కన దుబాయి విమానం ఎక్కబోయే పిల్లవాడు నిన్ను లాకెట్‌గా కొనుక్కుంటాడు. వెళ్లు తల్లీ, వెళ్లు! ఇసుకే తప్ప ఏరు లేని ఆ నేల మీద, వాడి చొక్కా కింద, మా గోదారి తడిగా ఉండు.

సాతవాహనుల కాలంలోనే ఈ సీమ జనం రాతిని తొలిచి పూసలు గుచ్చారు. ఆ కాలపు ఊరైన కోటిలింగాల మట్టి దాచుకున్నవాటిని మాత్రం ముట్టను. అవి ఆ మట్టికే చెందుతాయి. నాకు ఏటి గులకలు చాలు, క్వారీ పెచ్చులు చాలు. నిన్ను కెంపు అని అమ్మను, గ్రహాలను తిప్పుతావని చెప్పను, రంగు వేసిన రాయిని రంగు వేసిందనే చెబుతాను. నీ ఊరు అడిగితే గోదారి అంటాను, నీ వయసు అడిగితే వేళ్లు చాలవంటాను. సానకు ఎదురొడ్డి నిలిచిన సత్యమా, అబద్ధమాడి నిన్ను అమ్మిన నాడు నా చేతి కింద ఏ రాయీ మెరవకుండు గాక!