దీపాలు అడిగిన నివేదిక, గోడలు అడిగిన మార్గదర్శకాలు

విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే మనం యూజీసీ అనే సంస్థ, పదహారు నెలల తేడాతో క్యాంపస్ భద్రత మీద రెండు పత్రాలు వెలువరించింది. మొదటిది 2013 డిసెంబరు నాటి ‘సక్షమ్’ నివేదిక. రెండోది 2015 ఏప్రిల్‌లో వచ్చిన విద్యార్థుల భద్రతా మార్గదర్శకాలు. రెండింటిలో ఉన్నది ఒకే విద్యార్థి, ఒకే హాస్టలు, లైబ్రరీ నుంచి హాస్టలుకు పోయే ఒకే చీకటి దారి. అయినా రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇవి ఒకే కార్యాలయం నుంచి వచ్చాయంటే నమ్మబుద్ధి కాదు. ఆ అమ్మాయి ఆ దారిలో నిర్భయంగా నడవాలంటే ఏం చేయాలని మొదటి పత్రం ఆలోచిస్తుంది. ఆ దారిలోకి ఎవరినీ రానివ్వకుండా ఎలా ఆపాలా అని రెండోది ఆలోచిస్తుంది. మన కాలేజీల్లో, యూనివర్సిటీల్లో నేటికీ జరుగుతున్న గొడవలన్నీ ఈ రెండు ఆలోచనల మధ్యవే.

సక్షమ్ పుట్టుక అందరికీ గుర్తున్నదే. 2012 డిసెంబరు 16 రాత్రి దిల్లీ బస్సులో జరిగిన ఘోరం తర్వాత దేశం వీధుల్లోకి వచ్చింది. ఆ వేడిలోనే యూజీసీ ఒక కార్యదళాన్ని వేసింది. చరిత్రకారిణి మృదులా ముఖర్జీ, లేడీ శ్రీరామ్ కాలేజీకి చాలాకాలం ప్రిన్సిపాల్‌గా ఉన్న మీనాక్షీ గోపీనాథ్ దానికి నేతృత్వం వహించారు. కాలేజీలకు ప్రశ్నావళులు పంపారు, బహిరంగ సమావేశాలు పెట్టి విద్యార్థినులు చెప్పింది విన్నారు. విన్నారన్న సంగతి నివేదిక చదువుతుంటేనే తెలుస్తుంది. అందులో మొదట కనిపించేవి చిన్న విషయాలు: వీధి దీపాలు, శుభ్రమైన మరుగుదొడ్లు, పెద్ద క్యాంపస్‌లలో ల్యాబుకూ హాస్టలుకూ మధ్య తిరిగే బస్సు, చీకటి పడ్డాక ఇంటికి చేరాల్సిన డే స్కాలర్ల ప్రయాణం, ఆరోగ్య కేంద్రంలో స్త్రీల వైద్యురాలు, పూర్తికాలం పనిచేసే కౌన్సెలర్. సెక్యూరిటీ సిబ్బందిలో మహిళలు తగినంతమంది ఉండాలంటుంది. మగ గార్డులకు ఆడపిల్లలతో మర్యాదగా మసలుకోవడం నేర్పాలంటుంది. రాత్రి పదింటికి ప్రయోగం ముగించుకుని వచ్చే రీసెర్చ్ స్కాలర్‌ను మనసులో పెట్టుకుని రాసిన పత్రమిది.

ఈ నివేదికలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది దాని హెచ్చరిక. ఆడపిల్లల భద్రత పేరు చెప్పి వారి మీద నిఘా పెంచకండి, వారి రాకపోకలకు అడ్డుకట్ట వేయకండి, మగపిల్లల హాస్టలుకు లేని నిబంధన ఆడపిల్లల హాస్టలుకు పెట్టకండి అని యాజమాన్యాలకు సూటిగా చెప్పింది. మన దేశంలో ఒక ప్రభుత్వ సంస్థ ఈ మాట ఇంత స్పష్టంగా అనడం అరుదు. గేటు దగ్గర ఔట్‌పాస్ కోసం నిలబడి, ఇన్‌టైమ్ దాటిందని వార్డెన్ చేత మాటలు పడి, ఇంటికి ఫోన్ చేయించుకున్న అమ్మాయి ఎవరైనా సరే, తన తరఫున ఒక కాగితమైనా ఉందని ఈ పేజీలు చదివితే అనుకుంటుంది.

ఇక 2015 మార్గదర్శకాలు. ఇవి మొదలయ్యేదే గోడతో. విద్యార్థులుండే ప్రతి భవనానికీ ఎక్కి దూకడానికి వీల్లేనంత ఎత్తున ప్రహరీ ఉండాలి, దాని మీద చుట్టలు చుట్టిన ముళ్లకంచె ఉంటే మరీ మంచిది. ప్రవేశ ద్వారాలు మూడుకు మించరాదు, ఒక్కో ద్వారం దగ్గర కనీసం ముగ్గురు సాయుధ గార్డులు, సీసీ కెమెరాలు, వచ్చేపోయేవారి రిజిస్టరు, సంచుల తనిఖీ, మెటల్ డిటెక్టర్లు. హాజరుకు బయోమెట్రిక్. క్యాంపస్‌లోనే పోలీసు స్టేషను. మూడు నెలలకోసారి తల్లిదండ్రులతో సమావేశం.

ఈ పత్రం దృష్టిలో విద్యార్థి ఎవరు? పాతిక మందికొక అధ్యాపకుణ్ణి సలహాదారుగా పెట్టమనడం మంచి సూచనే. ఆ వెంటనే ఆ సలహాదారు హాస్టల్ వార్డెన్‌తో విద్యార్థుల వ్యక్తిగత వివరాలు, ప్రవర్తన తీరు పంచుకోవచ్చంటుంది, ముందుగానే చర్యలు తీసుకోవడానికట. గురువు దగ్గర మనసు విప్పిన మాట వార్డెన్ బల్ల మీదికి చేరుతుందని తెలిస్తే ఏ పిల్ల నోరు విప్పుతుంది? మూడు నెలలకోసారి తల్లిదండ్రులను పిలవడం పదో తరగతికి సరిపోతుంది. ఓటు హక్కున్న పీజీ విద్యార్థికి, ముప్పై ఏళ్లకు దగ్గరపడుతున్న పీహెచ్‌డీ స్కాలర్‌కు అది అవమానం. సక్షమ్ విద్యార్థిని హక్కులున్న పౌరురాలిగా చూసింది. ఈ మార్గదర్శకాలకు ఆమె తల్లిదండ్రులు నమ్మి అప్పగించిన సొత్తు, కాపలా పెట్టాల్సిన వస్తువు.

అయినా ఈ రెండో పత్రంలో ఒక భాగాన్ని మనం తేలిగ్గా కొట్టిపారేయలేం. అది క్యాంపస్ బయటి భద్రతను కూడా తన పరిధిలోకి తీసుకుంది, విజ్ఞాన యాత్రల గురించి మాట్లాడింది. 2014 జూన్ 8న హిమాచల్‌లోని మండీ దగ్గర బియాస్ నదిలో హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు, రాళ్ల మీద ఫొటోలు దిగుతున్న పిల్లలకు ఆ సంగతి తెలియదు. ఆ వీడియో చూడని తెలుగిల్లు లేదు. విద్యుత్ బోర్డు, కాలేజీ, రాష్ట్ర ప్రభుత్వం మూడూ పరిహారంలో పాలు పంచుకోవాలని హిమాచల్ హైకోర్టు తర్వాత తీర్పిచ్చింది. యాత్రకు వెళ్లే పిల్లల వెంట ఎవరుండాలి, ఏ జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది ఒక పత్రం రాసిపెట్టడం అవసరమే. సక్షమ్ దృష్టి ఇటు పోలేదు. స్త్రీల మీద హింసకు స్పందనగా పుట్టిన నివేదిక కాబట్టి ప్రమాదాలు, ప్రకృతి దాని పరిధిలో లేవు. ఈ విషయంలో రెండో పత్రమే మెరుగు.

రెండు పత్రాల బలాబలాలకు పరీక్ష బనారస్‌లో జరిగింది. 2017 సెప్టెంబరు 21 సాయంత్రం, పూర్తిగా చీకటి కూడా పడకముందే, బనారస్ హిందూ విశ్వవిద్యాలయం (బీహెచ్‌యూ)లో భారత కళాభవన్ సమీపాన బైకు మీద వచ్చిన యువకులు ఒక విద్యార్థినిని వేధించారు. దగ్గర్లోనే ఉన్న గార్డులు కదల్లేదనీ, ఆ వేళప్పుడు బయటెందుకున్నావని తిరిగి ఆమెనే అడిగారనీ విద్యార్థినులు ఆరోపించారు. మర్నాటి నుంచి వాళ్లు విశ్వవిద్యాలయ సింహద్వారం ముందు బైఠాయించారు. 23 రాత్రి వారి మీద లాఠీలు విరిగాయి. ఆ తర్వాత చీఫ్ ప్రొక్టర్ రాజీనామా చేశారు, ఆ పదవికి మొదటిసారి ఒక మహిళ వచ్చారు, వైస్ చాన్సలర్ సెలవు మీద వెళ్లిపోయారు.

ఆ అమ్మాయిలు అడిగినవి చూడండి. దారుల్లో దీపాలు, జవాబుదారీ ఉన్న గార్డులు, ఫిర్యాదు వినే కమిటీ, హాస్టల్ వేళల్లో మగపిల్లలతో సమానత. ఇవి సక్షమ్‌లో నాలుగేళ్ల కిందటే రాసి ఉన్నవి. వాటితోపాటు సీసీ కెమెరాలు కూడా అడిగారు. ఇది గమనించాల్సిన విషయం. కెమెరా పేరెత్తితే చాలు నిఘా అని ఉలిక్కిపడే మనలాంటి వాళ్లకు ఆ డిమాండు ఒక పాఠం. చీకటి మలుపులో బైకు నంబరు పట్టే కెమెరా వాళ్లకు కావాలి. హాస్టల్ వరండాలో తమ రాకపోకలు లెక్కపెట్టే కెమెరా వద్దు. కెమెరా ఎవరి వైపు తిరిగి ఉంది, దాని వెనక కూర్చున్నవాడు ఎవరికి జవాబు చెప్పాలి అన్నదే అసలు తేడా. మార్గదర్శకాలకు ఆ తేడా పట్టలేదు. సక్షమ్ ఆ దిశగా నడిచింది కానీ, సాంకేతికత గురించి ఇంకొంచెం వివరంగా రాసి ఉండాల్సింది.

ఆరేళ్ల తర్వాత అదే ఊళ్లో, 2023 నవంబరు 1 అర్ధరాత్రి దాటాక, ఐఐటీ బీహెచ్‌యూ విద్యార్థిని మీద ముగ్గురు బైకు మీద వచ్చి తుపాకీ చూపించి అఘాయిత్యం చేశారు. వేల మంది విద్యార్థులు రోడ్డెక్కారు. యాజమాన్యం వెంటనే రెండు ప్రకటనలు చేసింది: రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా బారికేడ్లు, ఐఐటీకీ విశ్వవిద్యాలయానికీ మధ్య గోడ. నిందితుల అరెస్టుకు మాత్రం డిసెంబరు నెలాఖరు దాకా ఆగాల్సి వచ్చింది. పట్టుబడినవాళ్లు వారణాసివాళ్లే. బయటివాళ్ల ప్రమాదం కల్పన కాదని ఈ ఘటన చెబుతోంది, గోడ కోరిన విద్యార్థుల భయాన్ని నేను తక్కువ చేయను. కానీ ఆ గోడ ఊరికీ క్యాంపస్‌కూ మధ్య రాదు. విద్యార్థులకూ విద్యార్థులకూ మధ్య వస్తుంది. ఒకే ఆవరణలో చదివే వేల మంది బీహెచ్‌యూ పిల్లలు ఒక్క రాత్రిలో బయటివాళ్లయిపోతారు. వాళ్లు దానికి నిరసన తెలిపారు, న్యాయమైన నిరసన.

గోడ లోపలి ప్రమాదం సంగతి మరొకటి. 2022 డిసెంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో థాయ్‌లాండ్ విద్యార్థిని ఫిర్యాదు మీద పోలీసులు అరెస్టు చేసింది అదే విశ్వవిద్యాలయ ప్రొఫెసర్‌ను. గచ్చిబౌలిలో ఆ క్యాంపస్‌కు ప్రహరీ ఉంది, గేట్లున్నాయి, గార్డులున్నారు. ఆరోపణ ఎదుర్కొన్న వ్యక్తికి ఏ గేటూ అడ్డు కాదు. ర్యాగింగ్ మాటకొస్తే అది పుట్టేదే హాస్టల్ గదుల్లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే దాని మీద చట్టం చేసింది, యూజీసీ 2009లో దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. ముళ్లకంచె ఎంత ఎత్తున ఉన్నా సీనియర్ గది తలుపు తట్టకుండా ఆపలేదు.

మరి ఈ పోటీలో గెలిచింది ఎవరు? కాగితం మీద సక్షమే. 2016 మే నెలలో గెజిట్‌లోకి వచ్చిన యూజీసీ లైంగిక వేధింపుల నివారణ నిబంధనల్లో దాని సారాంశమంతా ఉంది. భద్రత సాకుతో విద్యార్థినుల హాస్టళ్లకు వివక్ష నిండిన నియమాలు పెట్టరాదన్న మాట కూడా అందులో చేరింది. మార్గదర్శకాలు సలహాలు మాత్రమే, ఇవి కట్టుబడాల్సిన నిబంధనలు. నేల మీద మాత్రం గెలిచింది గోడే. దీనికి కారణం యాజమాన్యాల దుర్బుద్ధి ఒక్కటే అనలేను. గోడకు టెండరు ఉంటుంది, శంకుస్థాపన ఉంటుంది, తనిఖీకి వచ్చినవారికి చూపించవచ్చు. అమ్మాయిలు నమ్మకంతో నడిచివచ్చే ఫిర్యాదుల కమిటీని ఎవరికి చూపించగలరు? జేఎన్‌యూలో 1999 నుంచి విద్యార్థి ప్రతినిధులు కూడా ఎన్నికై కూర్చున్న కమిటీ ఉండేది, 2017లో దాన్ని తీసేసి నియామకాల మీద నడిచే కమిటీని పెట్టారు. అలా పోగొట్టుకున్న నమ్మకాన్ని ఏ టెండరూ తిరిగి కట్టలేదు.

యూజీసీ పత్రాలు రెండింటికీ ఉమ్మడి లోపం ఒకటుంది. జరిగింది దాచకుండా చెప్పమని విశ్వవిద్యాలయాన్ని గట్టిగా నిలదీయడం రెంటికీ చేతకాలేదు. అమెరికాలో ఆ పని ఒక కన్నతల్లి, కన్నతండ్రి చేయించారు. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయ హాస్టల్ గదిలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని మరో విద్యార్థి అత్యాచారం చేసి చంపాడు. వరసగా మూడు తలుపులు తాళం పడకుండా తెరిచి ఉండటంతో లోపలికి వచ్చాడు. ఆ క్యాంపస్‌లో అంతకుముందు మూడేళ్లలో 38 హింసాత్మక నేరాలు జరిగాయని తల్లిదండ్రులకు తెలిసింది అమ్మాయి పోయాకే. వారి పోరాటంతో 1990లో చట్టం వచ్చింది. ఏటా అక్టోబరు 1లోగా గత మూడేళ్ల నేరాల లెక్కలు ప్రచురించాలి, రోజువారీ నేరాల చిట్టా ఎవరడిగినా చూపాలి, ముప్పు కొనసాగుతుంటే విద్యార్థులకు వెంటనే తెలపాలి. 2007 ఏప్రిల్ 16న వర్జీనియా టెక్‌లో ఉదయం 7.15కు హాస్టల్లో కాల్పులు జరిగితే విద్యార్థులకు ఈమెయిల్ వెళ్లింది 9.26కు. ఆ కాసేపటికే తరగతి గదుల్లో అసలు మారణకాండ. మొత్తం 32 మంది బలయ్యారు. ఆ ఆలస్యానికి అమెరికా విద్యాశాఖ జరిమానా వేసింది.

అక్కడ చదివే మన పిల్లలకు ఆ హెచ్చరికల మెసేజీలు అలవాటే. కానీ ఆ చట్టానికీ ఒక గీత ఉంది. క్యాంపస్, దాని అధీనంలోని భవనాలు, ఆనుకుని ఉన్న రోడ్లు, అంతవరకే లెక్క. అద్దె ఫ్లాటులో నలుగురైదుగురు కలిసి ఉంటూ, రాత్రిపూట పెట్రోలు బంకులోనో స్టోరులోనో పని చేసుకునే ఎంఎస్ విద్యార్థికి అక్కడేం జరిగినా ఆ వార్షిక నివేదికలోకి రాదు. అమెరికా యూనివర్సిటీ నివేదికలో అంకెలు చూసి ధైర్యం తెచ్చుకునే తెలుగు తల్లిదండ్రులు ఈ గీత ఎక్కడుందో కూడా చూడాలి.

మన దగ్గర ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు ఇంటిల్లిపాదీ కూర్చుని ప్లేస్‌మెంట్లు, ఫీజు, న్యాక్ గ్రేడు చూస్తాం. భద్రత గురించి చూడటానికి కాలేజీ కరపత్రంలో ప్రహరీ ఫొటో, ‘24 గంటల సీసీటీవీ’ అన్న ఒక వాక్యం ఉంటాయి. 2016 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థా ఫిర్యాదుల మీద ఏటా నివేదిక తయారు చేయాలి. దాన్ని, పేర్లు తీసేసి, అందరికీ కనబడేలా పెట్టమని తెలుగు రాష్ట్రాల రెండు ఉన్నత విద్యా మండళ్లూ ఆదేశించవచ్చు. ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నింటి విచారణ 90 రోజుల్లో ముగిసింది, ర్యాగింగ్ కేసుల్లో ఏం తేలింది, లైబ్రరీ మూసే వేళకు హాస్టలుకు బస్సు ఉందా, అబ్బాయిల ఇన్‌టైమ్ ఎంత, అమ్మాయిల ఇన్‌టైమ్ ఎంత. సీటు కేటాయించక ముందే ఈ ప్రశ్నలకు జవాబు ప్రతి కాలేజీ పేరు ఎదురుగా ఉండాలి.