రహీం సాబ్ ఎడమకాలి పాఠం

హైదరాబాదులో ఒకప్పుడు పిల్లలకు ఫుట్‌బాల్ పోటీలు పెట్టి, వాటంగా ఉండే కాలితో బంతి తన్నకూడదని షరతు పెట్టేవారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి, ఎడమకాలి వాడు కుడికాలితో. ఇంకోరకం పోటీలో డ్రిబ్లింగే కూడదు. బంతి కాలికి తగలగానే పక్కవాడికి అందించాల్సిందే తప్ప, ఇద్దరు ముగ్గురిని తప్పించుకుంటూ దౌడు తీయడానికి లేదు. ఇట్లాంటి పోటీలు నడిపింది సయ్యద్ అబ్దుల్ రహీం. భారత జట్టుకు రెండు ఆసియా క్రీడల స్వర్ణాలు, 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో, తెచ్చిపెట్టిన కోచ్ ఆయనే. అసలు వృత్తి మాత్రం బడిపంతులు.

1909లో పుట్టిన రహీం ఉస్మానియాలో బి.ఏ. చదివి, కాచిగూడ మిడిల్ స్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పనిచేశారు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా చేశారు. 1943 నుంచి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు కోచ్. ఆ జట్టు బొంబాయిలో 1950 మొదలు 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1953లో మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయ్యే నాటికి, తుంగభద్ర అవతలి గడ్డ మీద ఈ ఆట ఇంత ఎత్తులో ఉండింది.

2024లో 'మైదాన్' సినిమా వచ్చాక రహీం పేరు మళ్లీ జనం నోట్లో పడింది. సంతోషమే. కానీ ఆయన గొప్పతనం జకార్తా కన్నా ముందు ఆ పిల్లల పోటీల్లో ఉందని నా నమ్మకం.

ఎందుకంటే, కుడికాలి వాటమున్న కుర్రాడికి బంతి ఎడమవైపు వచ్చిందనుకోండి. ఒళ్లంతా తిప్పి, బంతిని కుడికాలి మీదికి తెచ్చుకుని, అప్పుడు కొడతాడు. ఆ కాస్త ఆలస్యం చాలు, ఎదుటి జట్టు బ్యాక్ వచ్చి మీద పడటానికి. పైగా వాడు ఎటు తిరుగుతాడో అవతలివాళ్లకు ముందే తెలిసిపోతుంది. రెండు కాళ్లూ పలికేవాడికి తిరగాల్సిన పనే లేదు. బంతి ఎటు వస్తే ఆ కాలే కదులుతుంది. ఇక డ్రిబ్లింగ్ మానిపించినప్పుడు జరిగేది కాలికి సంబంధించిన మార్పు కాదు, కళ్లకు సంబంధించినది. అందుకున్న బంతిని వెంటనే ఇచ్చేయాలంటే, అది రాకముందే తల ఎత్తి ఎవరు ఎక్కడున్నారో చూసి పెట్టుకోవాలి. బంతి లేనివాడు ఊరికే నిలబడితే ఆట ఆగిపోతుంది గనక వాడూ ఖాళీ చోటుకు పరుగెత్తాలి. చిన్న చిన్న పాసులతో గుక్క తిప్పుకోనివ్వని హైదరాబాదు ఆట ఇట్లా తయారైంది. పిల్లవాడు దేన్ని నమ్ముకున్నాడో దాన్ని కాసేపు పక్కన పెట్టించడం, ఆయన బోధనంతా ఇంతే. తరగతి గదిలో ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషికే ఇది తోస్తుంది.

ఆయన శిష్యుల్లో తులసీదాస్ బలరాం సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో పేదింటి పిల్లవాడు. ఆట చూసి రహీం రమ్మన్నారు గానీ, రోజూ హైదరాబాదుకు వచ్చిపోయే స్తోమత కుర్రాడికి లేదు. సైకిల్ అద్దెకు రహీమే డబ్బులిచ్చి పిలిపించుకున్న సంగతి బలరాం పెద్దవయసులోనూ చెప్పుకునేవారు. ఆ కుర్రాడే 1956 మెల్‌బోర్న్, 1960 రోమ్ ఒలింపిక్స్ ఆడాడు. 2023లో పోయేదాకా రహీంనే గురువుగా తలచుకున్నాడు.

1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10–1తో ఓడిన జట్టుకూ రహీమే కోచ్. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో అదే కోచ్ కింద ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఈ మధ్యలో హంగేరీ జట్టు ఆటను రహీం శ్రద్ధగా చదివారు. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడించే పద్ధతిని మనవాళ్లకు అలవాటు చేశారు.

జకార్తాలో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. ఎవరైనా అయితే అతన్ని కూర్చోబెట్టేవారు. రహీం తీసుకెళ్లి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టారు. సెమీఫైనల్లో, ఫైనల్లో రెండింట్లోనూ జర్నైల్ గోల్ కొట్టాడు. దక్షిణ కొరియా మీద ఫైనల్లో మొదటి గోల్ పి.కె. బెనర్జీది, రెండోది ఇతనిది. గెలుపు 2–1. గ్రూపు దశలో మనల్ని 2–0తో ఓడించిన జట్టే అది. అప్పటికే క్యాన్సర్ రహీంను తినేస్తోంది. ఫైనల్ ముందురోజు రాత్రి ఆటగాళ్లకు నిద్రపట్టకపోతే వెంట తిప్పుతూ, రేపు నాకో బహుమతి కావాలి, ఆ స్వర్ణం గెలిచి ఇవ్వండని అడిగారట. ఆ రాత్రి గురించి ఆటగాళ్లు దశాబ్దాల తర్వాతా చెప్పుకున్నారు. 1963 జూన్ 11న ఆయన కన్నుమూశారు. పి.కె. తర్వాత పెద్ద కోచ్ అయ్యారు. రహీం కొడుకు హకీం రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉండి, ఆపైన అంతర్జాతీయ రిఫరీగా పేరు తెచ్చుకున్నారు.

కర్నూలు, కడప జిల్లాల హైస్కూళ్లలో చాలాచోట్ల గడ్డి మొలవని గట్టి నేలే ఆటస్థలం. అరవైమంది పిల్లలకు ఒక్క బంతి. అక్కడి పీఈటీ సార్లను నేను గట్టిగా అడిగేది ఒక్కటే. శనివారం సాయంత్రం ఐదుగురేసి చొప్పున జట్లు చేసి, ఎడమకాలి పోటీ ఒకటి, డ్రిబ్లింగ్ లేని పోటీ ఒకటి పెట్టించండి. గోల్‌కు నాలుగు రాళ్లు చాలు. వాటమైన కాలితో కొట్టిన గోల్ లెక్కలోకి రాదని ముందే చెప్పండి. మొదటి వారం బంతి ఎటో పోతుంది, పిల్లలు ఒకరినొకరు చూసి నవ్వుకుంటారు. ఆపకండి, నెల రోజులు నడవనివ్వండి.