సూదికి ముందు ఎడమ చెయ్యి

ఆక్యుపంక్చర్ చేసేవాడి పనితనం సూది పట్టుకున్న చేతిలో కన్నా ఖాళీగా ఉన్న రెండో చేతిలో ఎక్కువ తెలుస్తుందట. ఈ సంగతి నాన్‌జింగ్ అనే పాత చైనా వైద్యగ్రంథం 78వ ప్రశ్న దగ్గర తేల్చేస్తుంది. ఎడమ చేత్తో ఏదైనా అందిస్తే పెద్దవాళ్లు కసిరే ఇంట్లో పెరిగినవాణ్ణి. ఎడమ చేతికి అంత పెద్దపీట వెయ్యడం చూసి మొదట నవ్వొచ్చింది. కానీ ఇన్నేళ్ల చదువులో నా క్లినిక్‌కి బాగా అక్కరకొచ్చింది మాత్రం ఆ ఒక్క ప్రశ్నే.

నాన్‌జింగ్ అనగానే ఆ పేరున్న నగరం గుర్తొస్తుంది. దానికీ దీనికీ సంబంధం లేదు. ఇది దాదాపు పంతొమ్మిది వందల ఏళ్ల కిందటి ప్రశ్నోత్తరాల పుస్తకం. మొత్తం 81 ప్రశ్నలు. దీనికంటే పాతది హువాంగ్‌ది నెయ్‌జింగ్. అందులో సువెన్, లింగ్‌షు అని రెండు భాగాలు, ఒక్కో భాగానికి 81 అధ్యాయాలు. పసుపు చక్రవర్తి అడుగుతూ ఉంటాడు, చీ బో అనే మంత్రి చెబుతూ ఉంటాడు. మన పురాణాల్లో సూతుడూ మునులూ అలవాటైనవాళ్లకి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. నేను చదివేది జర్మన్ పండితుడు పాల్ ఉన్‌షుల్డ్ ఇంగ్లీషు అనువాదాల్లో.

ఇంతకీ ఎడమ చెయ్యి చేసే పనేమిటి? సూది వేసేచోట ముందు తడిమి చూడాలి. నొక్కాలి, రుద్దాలి, వేలితో చిటికె కొట్టినట్టు కొట్టి అక్కడి కండని మేలుకొలపాలి, గోటితో అదిమి పట్టాలి. సువెన్ 27వ అధ్యాయంలోనూ ఈ వరసే కనిపిస్తుంది. చేతి కింద ఏదో కదిలినట్టు తెలిశాకే సూది. మాకు నేర్పిన చదువులో ఇదంతా ఒక్క పేరాలో ముగిసిపోయింది. మేం బట్టీపట్టింది 361 పాయింట్లు, వాటి కొలతలు. మోకాలి చిప్ప కింద బయటివైపు గుంట నుంచి పేషెంటు నాలుగు వేళ్ల మందం కిందికి, ఎముక అంచు నుంచి ఒక వేలు పక్కకి వస్తే జూసాన్‌లీ. పరీక్షలో అడిగేది అదే. ఎడమ చేతికి మార్కులు లేవు.

పరీక్షల ఈ అలవాటు ఈనాటిది కాదు. సాంగ్ చక్రవర్తుల కాలంలో, 1027లో, వాంగ్ వెయ్‌యీ అనే వైద్యుడు నిలువెత్తు కంచు మనుషుల్ని పోత పోయించాడు. ఒంటినిండా పాయింట్ల దగ్గర రంధ్రాలు. పైన మైనం పూసి లోపల నీళ్లు నింపేవాళ్లని, విద్యార్థి సూది సరైనచోట దిగితే నీరు చిమ్మేదని చెబుతారు. బోధనకి అంతకంటే తెలివైన సాధనం ఆ రోజుల్లో మరోటి ఉండి ఉండదు. కానీ ఎంత నొక్కినా కంచు మనిషి "అబ్బా, అక్కడే" అనడు. ఆ మాట కోసమే కదా ఎడమ చెయ్యి వెతికేది! లింగ్‌షు 13వ అధ్యాయం కండరాల నొప్పుల గురించి చెబుతూ, నొప్పి ఉన్నచోటే పాయింటు అని కొలతల గొడవ లేకుండా తేల్చేస్తుంది. పుస్తకాల్లో కొలతలు పెరిగేకొద్దీ ఈ మాట వెనక్కిపోయింది.

సూది వెయ్యడానికి వాడే సన్నని గొట్టం, గైడ్ ట్యూబ్, పదిహేడో శతాబ్దపు జపాన్‌లో సుగియామా వాయిచి చలవ. ఆయన అంధుడు. చేతివేళ్లే కళ్లుగా బతికిన మనిషి, తనలాంటివాళ్లకి బడులు కూడా పెట్టాడు. ఆయన గొట్టమే ఇవాళ మాబోటివాళ్లకి తడమకుండా సూది దించేసే సౌకర్యమైంది. నేనూ గొట్టమే వాడతాను, దాన్ని తప్పుపట్టడం లేదు. ముందు తడిమిన చోట గొట్టం పెట్టడం వేరు, టేపుతో కొలిచి పెట్టడం వేరు.

పాత పుస్తకాలు చదువుతున్నానంటే చాలామంది నన్ను సనాతనుడిగా లెక్కేస్తారు. వాళ్లకి తెలియని విషయం ఏమిటంటే, ఆ పుస్తకాలు ఒకదాంతో ఒకటి పోట్లాడుకుంటాయి. సూదికి బలమిచ్చే గుణమో తగ్గించే గుణమో రావాలంటే ఊపిరి పీల్చేటప్పుడా వదిలేటప్పుడా అన్నది చూడాలంటుంది సువెన్. అది తప్పనిసరేం కాదంటుంది నాన్‌జింగ్, అదే 78వ ప్రశ్నలో. నాడిని తల దగ్గరా చేతుల దగ్గరా కాళ్ల దగ్గరా తొమ్మిది చోట్ల చూడమంటుంది సువెన్ 20వ అధ్యాయం. మణికట్టు ఒక్కటి చాలంటూ మొదలవుతుంది నాన్‌జింగ్. ఇంకా వెనక్కి వెళ్తే అసలు సూదే లేదు. 1973లో చాంగ్‌షా నగరం దగ్గర మావాంగ్‌దుయ్ సమాధిలో పట్టుగుడ్డ మీద రాసిన వైద్యగ్రంథాలు దొరికాయి. ఆ సమాధిని మూసింది క్రీస్తు పూర్వం 168లో. వాటిలో చెప్పిన నాళాలు పదకొండే, ఇవాళ మేం నేర్చుకునే పన్నెండు కాదు. వాటి మీద చేసే చికిత్స మాక్సా, అంటే ఎండిన ఆకుని చర్మం మీదో దగ్గరో కాల్చడం. ఆ ఆకు మన వినాయక చవితి పత్రిలో మొదట వినిపించే మాచిపత్రి జాతిదే.

"ఐదువేల ఏళ్లుగా చెక్కుచెదరని వైద్యం" అని బోర్డు రాయించేవాళ్లు ఇవి చదవరు. 1822లో దావ్‌గ్వాంగ్ చక్రవర్తి తన ఆస్థాన వైద్య సంస్థలో ఆక్యుపంక్చర్‌ని ఆపేయించాడు. 1930ల్లో చెంగ్ దాన్‌ఆన్ అనే వైద్యుడు శరీర నిర్మాణ శాస్త్రం చదివి, రక్తనాళాల మీద పడుతున్న పాయింట్లని పక్కకి జరిపాడు. ఇవాళ ప్రపంచమంతా పాఠంగా నేర్చుకుంటున్న రూపం చాలావరకు 1956లో చైనా ప్రభుత్వం పెట్టిన కళాశాలల్లో కుదురుకున్నది. ప్రాచీనమన్న ధీమా కావాలంటే ఈ గ్రంథాలు తెరవకపోవడమే మేలు.

కాలం చెల్లినవి కూడా వాటిలో బోలెడు. సువెన్‌లో రక్తం తీయించే చికిత్సలు అడుగడుగునా కనిపిస్తాయి. 1601 నాటి జెన్‌జ్యూ దాచెంగ్ అనే గ్రంథంలో సూదిని నోట్లో పెట్టుకుని వెచ్చబరచడం ఒక పద్ధతి. ఒకసారి వాడి పారేసే సూదులున్న ఈ రోజుల్లో అది చదివి ఒళ్లు జలదరించనివాడు మా వృత్తిలో ఉండకూడదు. మరోవైపు సువెన్ 52వ అధ్యాయం, సూది గుండెకి తగిలితే మనిషి ఒక్క రోజులో పోతాడని హెచ్చరించి, తక్కిన అవయవాలకీ గడువులు చెబుతుంది. ఆ లెక్కల సంగతెలా ఉన్నా, ఊపిరితిత్తికి చిల్లుపడే ప్రమాదం ఇవాళ్టికీ ఉంది. వీపు పైభాగంలో సూది లోతుగా దించేవాడి చేత ఆ అధ్యాయం చదివించాలి.

ఇక నన్ను నిజంగా ఇబ్బందిపెట్టే విషయం. 2007లో జర్మనీలో 1162 మంది నడుమునొప్పి పేషెంట్ల మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తర్వాత ఆక్యుపంక్చర్ చేయించుకున్నవాళ్లలో 47.6 శాతానికి గుణం కనిపించింది. పాయింట్లు కానిచోట పైపైన గుచ్చిన 'ఉత్తుత్తి' చికిత్సలో 44.2 శాతానికి. మందులు, ఫిజియోథెరపీ, వ్యాయామం తీసుకున్నవాళ్లలో 27.4. అంటే నేను బట్టీపట్టిన కొలతలకి దక్కింది మూడు శాతం పైచిలుకు తేడా, అదీ లెక్కలోకి రానంత చిన్నది. లింగ్‌షు ఏడో అధ్యాయంలో చర్మంలోకి కొద్దిగా దించి వెంటనే తీసేసే విధానాన్ని కూడా ఒక పద్ధతిగానే చెప్పారు. కాబట్టి జర్మన్లు ఉత్తుత్తిది అన్నదే అసలు చికిత్స అని వాదించే సహోద్యోగులు నాకున్నారు. నాకు ఆ దారి నచ్చదు. ఎక్కడ గుచ్చినా, ఎలా గుచ్చినా శాస్త్రమే అయితే ఇక తప్పు అన్నదానికి చోటెక్కడ? ఆ పరీక్షలో ఎడమ చేతిని ఎవరూ కొలవలేదన్నది మాత్రం నాకు తోస్తుంది. తడిమి వేసినవాళ్లనీ తడమకుండా వేసినవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూస్తే ఏం తేలుతుందో చూడాలనుంది. ఏమీ తేలకపోతే నాన్‌జింగ్‌తో పాటు నేనూ ఒప్పుకోవాలి.

అయితే ఎడమ చేతికి టైం కావాలి. బయట వరండాలో కుర్చీలన్నీ నిండి ఉన్నప్పుడు ఒక్కో మోకాలిని పది నిమిషాలు నొక్కుతూ కూర్చోవడం కష్టం. పేషెంట్లు కూడా లెక్కపెట్టేది సూదుల్నే. మొన్న ఒక పెద్దాయన పడుకోకముందే అడిగారు, "ఎన్ని సూదులేస్తారు డాక్టరు గారూ?" అని. నొక్కి చూశాక చెబుతానండీ అన్నాను. "కిందటి చోట ఇరవై వేశారండీ" అన్నారు, నేను పిసినారితనం చేస్తున్నానన్నట్టు. ఆయనకి నాలుగు వేశాను.