అడవిలో ముందు చచ్చేది ఎవరు?

‘విరూపాక్ష’ని 2023 వేసవిలో ఖమ్మంలో చూశాను. సెకండ్ షో అయ్యాక భద్రాచలం బస్సెక్కాను. జూలూరుపాడు దాటాక కిటికీ బయట అంతా చీకటి. నిజం చెప్తున్నా, కాసేపు భయం వేసింది. పక్క సీట్లో ఓ పెద్దామె సంచి ఒళ్ళో పెట్టుకుని హాయిగా గురక పెడుతోంది. ఆమెకి అది ఇంటికెళ్ళే దారి. నాకేమో సినిమా సెట్టింగు.

ఫార్ములా మనందరికీ కంఠతా వచ్చు. సిటీ నుంచి ఓ గుంపు కారులో బయల్దేరుతుంది. పొలిమేరలో ఓ ముసలాయన “అటు పోవద్దు బాబూ” అంటాడు. ఫోన్లో సిగ్నల్ పోతుంది, ఇంజను ఆగిపోతుంది. కానీ చర్ల అవతల, ఛత్తీస్‌గఢ్ వైపు ఊళ్ళలో సిగ్నల్ లేదంటే అది దెయ్యం పని కాదు, టవర్ లేకపోవడం. పురిటి నొప్పులు పడుతున్న మనిషి కోసం అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలని ఎవరో గుట్టెక్కడం ఉంది చూశారూ, అసలు హారర్ సీను అది. నేనైతే ఏ సినిమాలోనూ చూళ్ళేదు.

రాంగోపాల్ వర్మ ‘అడవి’ (2009) గుర్తుందా? షూటింగ్ యూనిట్ అడవిలో చిక్కుకుంటుంది, ఒక్కొక్కరే చస్తుంటారు, చంపేదేమిటో చివరిదాకా చూపించడు. ‘రాత్రి’ (1992)లో మామూలు ఇంటినే వణికించేలా తీసిన మనిషి ఇక్కడ మాత్రం చెట్ల మీద భారం వేసి ఊరుకున్నాడనిపించింది. దాన్ని తీసింది శ్రీలంకలో. ఎక్కడ తీసినా పర్లేదు, ఎందుకంటే ఆ అడవిలో ఊరు లేదు. దారి తెలిసిన గైడు కూడా తొందరగానే చచ్చిపోతాడు. చర్ల వైపు నుంచి వచ్చిన ఓ కోయ మిత్రుడితో ఈ సంగతి అంటే, “అన్నా, దారి తెలిసినోడు బతికితే మీ సినిమా అరగంటలో అయిపోద్ది గదా” అన్నాడు.

అడవిలో వాళ్ళకి భయం లేదని కాదు. ఎండాకాలం ఇప్పపువ్వు ఏరడానికి తెల్లారకముందే వెళ్తారు. ఎలుగుబంటికీ ఆ పువ్వంటే ఇష్టమే. అందుకని ఆ మసక చీకట్లో ఆకు చప్పుడైనా చెవులు రిక్కించి వింటారు. మన సౌండ్ డిజైనర్లు అది నేర్చుకోవాలి. గుడ్లగూబ కూత వేసి సరిపెట్టేస్తున్నారు.

ఇదంతా నవ్వుకుని వదిలెయ్యొచ్చు. వదల్లేనిది చేతబడి. ఈ ఏజెన్సీ ఊళ్ళలో మంత్రాల నెపంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు జిల్లా పేజీల్లో చదువుతూనే ఉన్నాం. పక్కనున్న ఛత్తీస్‌గఢ్ 2005లోనే దీనిమీద ప్రత్యేక చట్టం చేసిందంటే సమస్య ఎంతదో ఊహించుకోండి. జ్వరం తగ్గదు, ఓ బిడ్డ చనిపోతుంది, ఎవరి మీదో అనుమానం. ఆ ‘ఎవరో’ తరచూ ఒంటరి మనిషో, పొలం తగాదా ఉన్న మనిషో అయ్యుంటారు.

‘విరూపాక్ష’ మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. 1979, క్షుద్రపూజల అనుమానంతో ఊరు ఊరంతా కలిసి ఓ జంటని తగలబెడుతుంది. ఆ పది నిమిషాలూ గొప్పగా ఉన్నాయి, భయమంతా గుంపు మొహాల్లోనే ఉంది. తరవాత పన్నెండేళ్ళకి ఊళ్ళో చావులు మొదలవుతాయి, చేయిస్తున్నది ఆ జంట కూతురని తేలుతుంది, అదీ క్షుద్రవిద్యతోనే. అంటే గుంపు భయపడినది నిజంగానే ఉంది! ‘మా ఊరి పొలిమేర’ (2021) కూడా అంతే. కొమిరి చేతబడి చేశాడన్న అనుమానాన్ని కథంతా ఊరించి, చివరికి నిజం చేస్తుంది. రెండూ బిగువుగా తీసిన సినిమాలే, అదే నా బాధ.

హారర్‌లో దెయ్యం నిజం కాకపోతే టికెట్ డబ్బులు దండగ కదా అంటారు. ‘చంద్రముఖి’లోలా జబ్బని తేల్చడమొక్కటే దారి కాదు. ‘ఆనందో బ్రహ్మ’ (2017)లో దెయ్యాలే మనుషులకి భయపడతాయి. కామెడీ కోసం చేసిన ఆ తిరగేతని సీరియస్‌గా ఓ ఊళ్ళోకి తీసుకెళ్ళొచ్చు. అనుమానం పడ్డ మనిషి ఇంట్లో కెమెరా పెట్టండి. బయట కాగడాలు, తలుపు మీద చప్పుడు, ఆ చప్పుడు చేసే గొంతులన్నీ తెలిసినవే. గ్రాఫిక్స్ ఖర్చు కూడా ఉండదు.

ఆ రాత్రి ఖమ్మం హాల్లో, జంటని తగలబెడుతున్నప్పుడు ఎవరూ కిక్కురుమనలేదు. కూతురి ట్విస్టుకి మాత్రం ఈలలు మోగాయి. నేనూ చప్పట్లు కొట్టాను.