అటకమీది మూట – మొట్టమొదటి కన్యాశుల్కము

పాత యింటిని విప్పునపుడు అటకమీదనుండి కాగితముల మూట దొరకినచో ఇంటివారు మొదట వెదకునది భూమి పత్రము. బాన్సువాడలో మాకు పరిచితుడైన యొక గృహస్థు ఇట్టి మూటనే మాయొద్దకు తెచ్చెను. ముద్రలుగల ఉర్దూ కాగితములను వేరుచేసి పదిలపఱచుకొని, తక్కినవి నీళ్ళపొయ్యిలోనికని చెప్పెను. ఆ తక్కినవానిలో తెలుగున వ్రాసిన పెండ్లి లెక్క యొకటి యుండెను. బియ్యమెంత, బెల్లమెంత, మేళగాండ్రకెంత యిచ్చిరి, అన్నియు కలవు. పెండ్లికూతురి పేరు మాత్రము లేదు. ఆ కాగితమును మేమడిగి పుచ్చుకొంటిమి.

దానిని చూచినపుడెల్ల మాకు 1897వ సంవత్సరపు కన్యాశుల్కము జ్ఞప్తికి వచ్చును. గురజాడ అప్పారావుగారి యీ నాటకము 1892లో విజయనగరమున ప్రదర్శింపబడి, విక్టోరియా రాణి యేలుబడి ముగియుటకు నాలుగేండ్ల ముందు అచ్చయ్యెను. 1909లో గ్రంథకర్తయే దానిని ఇంచుమించు క్రొత్త నాటకమగునట్లు తిరుగవ్రాసిరి. నాటినుండి లోకము రెండవదానినే చదివెను, ఆడెను, మెచ్చెను, మొదటిది మూలబడెను. 1969లో బంగోరె, అనగా బండి గోపాలరెడ్డిగారు, దానిని వెలికిదీసి ‘మొట్టమొదటి కన్యాశుల్కం’ అను పేర ప్రకటించిరి.

కర్త తానే విడిచిన కూర్పును త్రవ్వి తీయుట యేల యని యడుగువారు కలరు. రసదృష్టితో చూచినచో వారి మాట కొంత నిజమే. మధురవాణి తన తెలివితోను దయతోను మనయెదుట నిండుగా నిలుచునది రెండవ కూర్పుననే. అయినను కర్త యేది కొట్టివేసెనో, ఏది పెంచెనో యెఱుగక ఆయన కష్టమును కొలుచుటెట్లు? బడిపిల్లలు చిత్తుప్రతిని దాచి శుద్ధప్రతినే చూపుదురు. మేము చిత్తుప్రతినే అడుగుదుము.

అంతకంటె విలువైనది 1897 కూర్పునకు అప్పారావుగారు వ్రాసిన ఆంగ్లపీఠిక. గిరీశమునకై తొందరపడువారు దానిని త్రిప్పివైతురు. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలమున మూడేండ్లలో బ్రాహ్మణ కుటుంబములందు జరిగిన శుల్కవివాహముల పట్టికను వ్రాయించిరట. ఆ లెక్క 1034. అందు అయిదేండ్ల పిల్లలు 99, నాలుగేండ్లవారు 44, మూడేండ్లవారు 36, రెండేండ్లవారు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు. మేము కూడి చూచితిమి: 188. ఆ పసికందుల వెల తలకు 350 మొదలు 400 రూపాయలు. బిడ్డ నమ్మితినని యే తండ్రియు సుళువుగా నొప్పుకొనడు గనుక పట్టిక సమగ్రము కాదని అప్పారావుగారే చెప్పి, అయినను అది మిక్కిలి విలువగల పత్రమనిరి.

ఇచటనే మాకొక ఆక్షేపణ కలదు. పట్టికలో వయస్సున్నది, వెల యున్నది, పిల్ల లేదు. నాటకమున నైనను ఆమె కనబడునా? అగ్నిహోత్రావధానులు లుబ్ధావధానులకు అమ్మజూచిన సుబ్బికి నోరు లేనట్లే. పెండ్లిపీటలమీద కూర్చుండునది ఆడవేషము వేసిన కరటకశాస్త్రి శిష్యుడు. ఆ వేషమును చూచి మనమందఱము నవ్వితిమి, మేమును నవ్వితిమి. ఆ నవ్వు లేనిదే నాటకము సభలో నిలువదని యెఱుగుదుము. కాని మధురవాణికి అంత చోటిచ్చిన చేయి సుబ్బికి నాలుగు మాటలైన నీయకపోయెనే యని చదివినపుడెల్ల తోచును.

పాత కాగితములు వెదకువారు గొప్పవారి ఉత్తరములకై వెదకుదురు. ఇంటి లెక్కలను చెదలకు విడుతురు. శుల్కము పద్దు కనబడెనా, పరువునకు వెఱచి తామే కాల్చుదురు. మహారాజుగారి పట్టికను నింపవలసిన పేర్లు ఆ పద్దులలోనే యుండెడివి.

ఆ గృహస్థు మొన్న మరల వచ్చి, లెక్కలోని పెండ్లికూతురు తన బాపమ్మకు అత్తగారై యుండవచ్చునని చెప్పెను. పేరేమని యడిగితిమి. ఇంట నడిగి చెప్పెదననెను.