రూప్‌కుండ్ యాత్రాకథనం: స్వామి ప్రణవానంద పరిశీలన - పునర్మూల్యాంకనం

వ్యాససంగ్రహం: హిమాలయ సరస్సుల అన్వేషకుడిగా ప్రసిద్ధి చెందిన తెలుగువాడు స్వామి ప్రణవానంద. ఆయన మానససరోవరాన్ని దీర్ఘకాల నివాసం ద్వారా తెలుసుకున్నారు. రూప్‌కుండ్‌ను ఐతిహ్యం ద్వారా వివరించారు. హైదరాబాదు శాస్త్రజ్ఞులు పాల్గొన్న 2019 నాటి జన్యు పరిశోధన వెలుగులో ఈ రెండు పద్ధతులనూ పోల్చి, యాత్రాసాహిత్య విమర్శకు ఒక ప్రమాణాన్ని ప్రతిపాదించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: యాత్రాసాహిత్యం, మానససరోవరం, రూప్‌కుండ్, ఐతిహ్యం, సాక్ష్యం.

1. ఉపోద్ఘాతం

ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన యాత్రను తెలిపే 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. మజిలీలు, దూరాలు, నీటి వసతి, బస సౌకర్యాలను శ్రద్ధగా నమోదు చేసిన ఆ గ్రంథంతోనే తెలుగు యాత్రారచనకు వాస్తవ పరిశీలన అనే గుణం అలవడింది. అయినా యాత్రాగ్రంథాలను సమీక్షించేటప్పుడు మనం సాధారణంగా శైలినీ, వర్ణననీ, రచయిత అనుభూతినీ మాత్రమే తూకం వేస్తాం. రచయిత ఆ చోట ఎంతకాలం ఉన్నాడు, చెప్పినదానిలో కన్నదెంత, విన్నదెంత అనే ప్రశ్నలు వెనుకబడతాయి. ఈ ప్రశ్నలకు ప్రణవానంద రచనలు చక్కని పరీక్షాస్థలం.

2. మానససరోవరం: నివాసం నుంచి జ్ఞానం

తూర్పుగోదావరి ప్రాంతంలో 1896లో జన్మించిన ప్రణవానంద పూర్వాశ్రమ నామం కనకదండి వేంకట సోమయాజులు. 1928లో తొలిసారి కైలాస మానససరోవర యాత్ర చేసిన ఆయన, 1936-37లో సరస్సు దక్షిణ తీరాన ఉన్న తుగోల్హో బౌద్ధ విహారంలో ఏడాదిపాటు నివసించారు. డిసెంబరు చివర సరస్సు గడ్డకట్టడం, మంచు పలకలు బీటలు వారేటప్పుడు వెలువడే ధ్వనులు, వేసవి ఆరంభంలో మంచు విడిపోవడం - వీటన్నింటినీ ఉష్ణోగ్రతలతో సహా నమోదు చేశారు. 1939లో కలకత్తా విశ్వవిద్యాలయం ప్రచురించిన 'ఎక్స్‌ప్లొరేషన్ ఇన్ టిబెట్' గ్రంథానికి ఈ పరిశీలనలే పునాది.

మానససరోవరం ఆయనకు పుణ్యతీర్థమే. అయితే భక్తి ఆయన కంటికి అడ్డురాలేదు. చలికాలమంతా అక్కడ నిలిచే ఓర్పును ఇచ్చింది. వేసవిలో వచ్చి స్నానం చేసి మరలిపోయే యాత్రికుడికి ఆ సరస్సు ఒక దృశ్యంగా మిగులుతుంది. ఏడాది గడిపినవారికి అది మార్పులతో కూడిన ఒక జీవితంగా తెలుస్తుంది.

3. రూప్‌కుండ్: ఐతిహ్యం నుంచి నిర్ధారణ

ఉత్తరాఖండ్ చమోలీ జిల్లాలో, సముద్రమట్టానికి 5,000 మీటర్లకు పైగా ఎత్తులో ఉన్న చిన్న సరస్సు రూప్‌కుండ్. అక్కడి మానవ కంకాళాలు 1942లో ఒక అటవీ అధికారి కంటబడ్డాయి. ఏడాదిలో అధికభాగం మంచు కప్పి ఉండే ఆ చోట నివాసం అసాధ్యం. 1950వ దశకంలో అక్కడికి వెళ్లిన ప్రణవానంద, ఆ అస్థికలు కనౌజ్ రాజు జస్‌ధవళుని పరివారానివని అభిప్రాయపడ్డారు. నందాదేవి యాత్రలో రాజు నియమభంగం చేయగా దేవి ఆగ్రహించి అందరినీ హతమార్చిందన్నది స్థానిక జానపద గాథ. జొరావర్ సింగ్ సైనికులని కొందరు, తుగ్లక్ సేన అని మరికొందరు ఊహించారు.

ఈ ఊహల పేర్లు వేరైనా వాటి నిర్మాణం ఒక్కటే. ఒక బృందం, ఒక నాయకుడు, ఒక దుర్ఘటన. అస్థికలన్నీ ఒకేచోట ఉన్నందువల్ల మరణాలన్నీ ఒకేసారి సంభవించి ఉంటాయన్న భావన వీటన్నింటికీ ఆధారం. పరిశీలనకు దొరికిన కాలం కుదించుకుపోయినప్పుడు ఆ ఖాళీని కథ నింపుతుంది. మానససరోవరంలో మంచు కరిగేదాకా వేచిన రచయిత, రూప్‌కుండ్‌లో కథను ఆశ్రయించవలసి వచ్చింది.

4. హబ్సిగూడ ప్రయోగశాల చెప్పినది

ఎల్.బి.నగర్ కూడలి నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా వెళితే హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది. లాల్జీ సింగ్, కుమారస్వామి తంగరాజ్ చొరవతో రూప్‌కుండ్ అస్థికల మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. అధ్యయనం ఇక్కడే మొదలైంది. అమెరికా, జర్మనీ తదితర దేశాల పరిశోధకులతో కలిసి చేసిన సమగ్ర అధ్యయనం 2019లో 'నేచర్ కమ్యూనికేషన్స్' పత్రికలో వెలువడింది.

విశ్లేషించిన 38 మందిలో 23 మంది దక్షిణాసియా మూలాలవారు. 14 మంది తూర్పు మధ్యధరా ప్రాంతీయుల మూలాలవారు. ఒకరు ఆగ్నేయాసియా మూలాలవారు. మొదటి వర్గంవారు సుమారు 7-10 శతాబ్దాల మధ్య, అదీ ఒక్కసారి కాక వేర్వేరు సందర్భాల్లో మరణించారు. తక్కినవారి మరణకాలం సుమారు 1800. వీరిలో దగ్గరి రక్తసంబంధీకులు లేరు. దీనితో ఏకబృంద సిద్ధాంతం నిలవలేదు. మధ్యధరా మూలాలవారు అక్కడికి ఎందుకు వచ్చారన్నది నేటికీ తేలలేదు.

5. ఐతిహ్యానికి న్యాయం

తర్వాతి కాలపు శాస్త్రంతో పూర్వ రచయితను తూచడం న్యాయమా అన్న ఆక్షేపణ సహజం. జన్యు విశ్లేషణ ఆనాడు లేదు కాబట్టి, ఫలితం తప్పినందుకు ప్రణవానందను తప్పుపట్టడం తగదు. అయితే "వీరంతా ఒకేసారి మరణించారని ఎలా తెలుసు?" అన్న ప్రశ్నకు ప్రయోగశాల అక్కరలేదు, ఆ ప్రశ్న ఆనాడూ సాధ్యమే. విమర్శ నిలిపి చూడవలసింది ఇక్కడే.

మరోవైపు, జానపద గాథ పూర్తిగా అబద్ధమనీ అనలేం. సమీప ఆలయాలలోని 8-10 శతాబ్దాల శాసనాలను బట్టి మొదటి వర్గంలో కొందరైనా యాత్రికులు కావచ్చునని పై పరిశోధకులే భావించారు. కొండదారిలో మరణించిన యాత్రికుల స్మృతిని గాథ నిలుపుకొంది. అనేక మరణాలను ఒకే రాజు కథగా కుదించడం దాని స్వభావం. ఆ కుదింపును చరిత్రగా స్వీకరించినచోటే చిక్కు వచ్చింది.

6. ముగింపు

రూప్‌కుండ్ దారిలోని బేదినీ వంటి పచ్చిక మైదానాలలో రాత్రి బసను ఉత్తరాఖండ్ హైకోర్టు 2018లో నిషేధించింది. అప్పటికే ఎందరో సందర్శకులు ఎముకలను కదిలించారు, కొందరు పట్టుకుపోయారు. కాబట్టి అక్కడ యాత్రికుడు సాక్షి మాత్రమే కాదు, సాక్ష్యాన్ని చెరిపే అవకాశం ఉన్నవాడు కూడా. తాను ఏమి తాకాడో, ఏమి కదపకుండా విడిచాడో చెప్పడం ఇకపై యాత్రారచయిత బాధ్యతలో భాగం కావాలి.

యాత్రాగ్రంథాన్ని మూల్యాంకనం చేసేటప్పుడు గడిపిన కాలం, కన్న-విన్న విషయాల విభజన, తెలియనిదాన్ని తెలియనిదిగా ఉంచే నిగ్రహం అనే మూడింటినీ పరిగణించాలన్నది ఈ వ్యాస ప్రతిపాదన. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ పరిసరాల కళాశాలల్లో యాత్రాసాహిత్యాన్ని బోధించే అధ్యాపకులకు ఇందుకు చక్కని అవకాశం ఉంది. ప్రణవానంద వివరణనూ, ఆ పక్కనే ఉన్న ప్రయోగశాల ఫలితాలనూ ఒకే తరగతిలో పక్కపక్కన చదివించవచ్చు. ఏ వాక్యం కంటితో చూసి రాసినదో, ఏది వినికిడిదో విద్యార్థి చేత గుర్తింపజేయడంతో ఆ అభ్యాసం ఆరంభం కావాలి.